మాట తుడిచిన బొమ్మ

మనుష్యుని నవ్వించు సాధనములు ముఖ్యముగా రెండు. ఒకటి మాట, రెండవది రూపము. చమత్కారముగా మాటలాడువాడు మనలను నవ్వించును. నోరు విప్పకయే నడకచేతను చూపుచేతను నవ్వించువాడును కలడు. ఈ రెండును ఒకచోట కలిసినపుడు నవ్వు దేనివలన పుట్టినదో నిర్ణయించుట కష్టము. అది పాలును నీరును కలిసిన పాత్రవలె నుండును. పాలను నీటిని వేరుచేయు నేర్పు హంసకు కలదని కవులు చెప్పుదురు. హాస్యచిత్రముల విషయమున మనకు అట్టి నేర్పు కావలెనన్నచో సులభమైన ఉపాయ మొకటి కలదు. బొమ్మలోని మాటలను తుడిచివేసి, మిగిలినదానిని శ్రద్ధగా చూడవలెను.

ఇది పనిలేనివారి వేడుక యని కొందరు తలంపవచ్చును. నా అభిప్రాయము అట్లు కాదు. మనము ఎవరిని చూచి నవ్వుచున్నామో, ఎవరి పక్షమున నిలిచి నవ్వుచున్నామో మాట తుడిచిన బొమ్మ మనకు తెలియజేయును. నవ్వ నేర్చిన ప్రతివారును తెలిసికొనదగిన సంగతి యిది.

హాస్యచిత్రమాలిక యన నేమో మొదట చెప్పుకొందము. ఒక చిన్న సంఘటనను మూడు నాలుగు గడులలో బొమ్మలుగా గీసి, చివరి గడిలో నవ్వు పుట్టించు వరుసలను వార్తాపత్రికలలో మీరు చూచియే యుందురు. ఆంగ్లమున దీనిని కామిక్ స్ట్రిప్ అందురు. పాత్రలు పలుకు మాటలు వారి తలలపై బుడగవంటి గీతలో వ్రాయబడును. బుడగ తోక ఎవరి నోటివైపు తిరిగియుండునో ఆ మాట వారిది. పాత్ర పైకి పలుకక మనసులో అనుకొను మాటను మేఘమువంటి ఆకారములో వ్రాసి, దానినుండి పాత్ర తలవరకు చిన్న చిన్న సున్నలు గీయుదురు. ఈ సంకేతములు బాలురకు సయితము ఎవరును నేర్పకయే తెలియును.

బుడగకు గల బలమును చాటిన తొలి ఉదాహరణములలో ఒకటి అమెరికా దేశమున వెలువడినది. న్యూయార్కు పత్రికలలో రిచర్డ్ ఔట్‌కాల్ట్ అను చిత్రకారుడు పసుపుపచ్చని పొడవు చొక్కా తొడిగిన ఒక పేదవాడ బాలుని బొమ్మలు గీసెడివాడు. ఆ బాలుని మాటలు అతని చొక్కామీదనే వ్రాయబడి యుండెడివి. 1896 అక్టోబరు 25వ తేదీన వెలువడిన వరుసలో ఆ బాలుడొక ఫోనోగ్రాఫు పెట్టెయెదుట నిలిచియుండును. పెట్టె మాటలాడుచుండును. చివరి గడిలో ఆ పెట్టెనుండి ఒక చిలుక వెలికివచ్చును. అంతవరకు పలికినది యంత్రము కాదు, చిలుక! బుడగలను తుడిచినచో ఈ వరుసలో మిగులున దేమి? ఒక బాలుడు, ఒక పెట్టె, ఒక చిలుక. చిలుక వెలువడుటలోని ఆశ్చర్యము కొంత మిగులును గాని, పెట్టె మాటలాడినదను భ్రమయే లేనప్పుడు ఆ భ్రమ తొలగుటలోని నవ్వు ఎక్కడిది? కొన్ని హాస్యములకు మాటయే ప్రాణమని దీనివలన తెలియుచున్నది.

మన పూర్వులు నాటకవిషయమున ఈ విభాగమును చక్కగా గుర్తించిరి. భరతుని నాట్యశాస్త్రము అభినయమును నాలుగు విధములుగా చెప్పినది. చేతులు, కన్నులు, నడక మొదలగు అవయవములచే చేయునది ఆంగికము. మాటచే చేయునది వాచికము. వేషభూషణములచే చేయునది ఆహార్యము. కన్నీరు, గగుర్పాటు, వణకు మొదలైన మనోభావచిహ్నములచే చేయునది సాత్త్వికము. హాస్యచిత్రములోను ఈ నాలుగును కలవు. నిలుచు తీరు ఆంగికము, తొడిగిన దుస్తు ఆహార్యము, నుదుటిపై చెమట బొట్టు సాత్త్వికము, బుడగలోనిది వాచికము. అయితే చదువ నేర్చినవాని కన్ను మొదట అక్షరములపైకే పరుగెత్తును. బుడగలోని మాట చదివి, నవ్వి, పుట త్రిప్పివేయుదుము. మిగిలిన మూడు అభినయములను చూచుటకు మనకు తీరిక చిక్కదు. వాచికమును తొలగించిన వెంటనే ఆ మూడును ముందునకు వచ్చును.

ఈ ప్రయోగమునకు ప్రపంచమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కిన ఉదాహరణము గార్ఫీల్డ్ అను పిల్లి బొమ్మల వరుస. దీని సృష్టికర్త జిమ్ డేవిస్, అమెరికాలోని ఇండియానా రాష్ట్రమువాడు. 1978 జూన్ 19వ తేదీన ఇది 41 పత్రికలలో ఆరంభమైనది. 2002 నాటికి రెండువేల ఐదువందలకు మించిన పత్రికలలో వెలువడుచు, లోకమున అత్యధిక పత్రికలలో అచ్చగు చిత్రమాలికగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. గార్ఫీల్డ్ నారింజవన్నె మేనిపై నల్లని చారలుగల లావుపాటి పిల్లి. తిండియు నిద్రయు దానికి ప్రాణములు. గోధుమరేకుల నడుమ మాంసమును జున్నును పేర్చి కాల్చెడి లసాన్యా అను ఇటలీ వంటకమన్న దానికి చెప్పరాని మక్కువ. దానికి పోవలసిన బడియు లేదు, కచేరియు లేదు. అయినను సోమవారమన్న గిట్టదు! దాని యజమాని జాన్ ఆర్బకుల్ అను చిత్రకారుడు. మంచివాడు, అమాయకుడు, చెలిమికొరకు తపించువాడు, తలపెట్టిన పనులలో తరచుగా భంగపడువాడు. ఆ యింట ఆడీ అను కుక్కయు కలదు.

ఈ వరుసలోని మర్మము ఒక్కటి గమనింపుడు. గార్ఫీల్డ్ నోరు కదలదు. దాని మాటలన్నియు మేఘములలోని తలపులు. జాన్ పైకి మాటలాడును. పిల్లి లోలోపల బదులు చెప్పును. ఆ బదులు మనకు తెలియును. మన నాటకములలో స్వగతమను మర్యాద కలదు. రంగస్థలముపై నలుగురు పాత్రధారులు నిలిచియుండగా ఒకడు తనలో తాననుకొనును. ప్రేక్షకులు వెయ్యిమంది వినుచునే యుందురు గాని ప్రక్కనున్న పాత్రకు వినబడనట్లు భావింపవలెను. స్వగతము పలుకువాడు ప్రేక్షకుని తన రహస్యములో భాగస్వామిగా చేసికొనును. గార్ఫీల్డ్ చేయునదియు ఇదియే. చదువరి తనకు తెలియకయే పిల్లి ప్రక్కకు చేరి, దానితో కలిసి జానును చూచి నవ్వుచున్నాడు.

అట్టి వరుస నొకదానిని మనమే కల్పించుకొందము. మొదటి గడిలో యజమాని క్రొత్త కోటు తొడిగి, మెడకు చారల పట్టీ కట్టుకొని, పిల్లి యెదుట నిలిచి, “ఈ సాయంకాలము నాకు తప్పక మంచి జరుగును” అనును. రెండవ గడిలో పిల్లి అతనిని నఖశిఖపర్యంతము పరికించును. మూడవ గడిలో పిల్లి తలపై మేఘము: “పాపము! అద్దమునకు నోరు లేదు. ఉన్నచో ఇతడు గడప దాటెడివాడు కాడు.” చదివినవారు నవ్వుదురు. నవ్వవలసిన చోటు మూడవ గడి; నవ్వవలసిన విషయము కోటు; నవ్వవలసిన వ్యక్తి యజమాని. అన్నియు ముందుగనే మనకు నిర్ణయింపబడి యున్నవి.

ఇప్పుడు ఆ మేఘమును తుడిచివేయుడు. మొదటి గడిలో ఒక మనుష్యుడు ఆశతో ఒక మాట చెప్పెను. రెండవ గడిలో పిల్లి చూచెను. మూడవ గడిలోను పిల్లి చూచుచునే యున్నది. అంతే. ఏ బదులును రాలేదు. మొదట మనకు ఏమియు తోచదు. పిమ్మట మెల్లగా ప్రశ్నలు పుట్టును. ఈతడు ఎక్కడికి పోవుచున్నాడు? ఎవరైన పిలిచిరా? ఇంతటి శుభవార్తను పిల్లితో చెప్పుకొనుచున్నాడేల? చెప్పుకొనుటకు ఇంట మనుష్యు లెవరును లేరా? కోటును చూచి నవ్విన కన్నులే ఇప్పుడు కోటు తొడిగిన మనుష్యుని చూచుచున్నవి.

ఇరువది యొకటవ శతాబ్దపు తొలి దశాబ్దమున కొందరు పాఠకులు గార్ఫీల్డ్ వరుసలపై సరిగా ఈ పనియే చేసిరి. పిల్లి తలపుల మేఘములను మాత్రము తుడిచి, తక్కిన బొమ్మను ఉన్నదున్నట్లుంచి చూచిరి. పిల్లి ఒక మామూలు పిల్లి యయ్యెను. జాన్ తన పిల్లితో మాటలాడుకొను ఒంటరి మనుష్యుడయ్యెను. 2008లో డాన్ వాల్ష్ అను ఐర్లండు దేశస్థుడు మరియొక అడుగు ముందుకు వేసి పిల్లిని మొత్తముగా తుడిచివేసిన వరుసలను ప్రచురింప నారంభించెను. ఆ వరుసలలో జాన్ ఒక్కడే గదిలో నిలిచి ఎవరితోనో మాటలాడును, తటాలున కేకలు వేయును, పిమ్మట వట్టి గోడను చూచుచు నిలుచును. లక్షలాదిమంది వానిని చూచి నవ్విరి, నవ్వుచునే జాలిపడిరి. జిమ్ డేవిస్ దీనిని చూచి కోపింపలేదు సరికదా మెచ్చుకొనెను. ఆ యేటనే అతని సమ్మతితో ఒక పుస్తకము వెలువడినది. అందు అసలు వరుసయు మార్చిన వరుసయు కలిపి అచ్చువేయబడినవి.

ఈ మార్పులో ఏమేమి జరిగినదో నిదానముగా విచారింతము. మొదటిది కాలములోని మార్పు. మూడు గడుల వరుసలో మొదటి గడి విషయమును చెప్పును, రెండవది వేచియుండజేయును, మూడవది విడుదల చేయును. ఎక్కుపెట్టిన విల్లు బాణమును విడిచినట్లు మూడవ గడిలో మాట వెలువడి మన బిగువును సడలించును. ఆ మాటను తీసివేసినచో విల్లు ఎక్కుపెట్టినట్లే యుండును. వేచియుండుట ముగియదు. మాటకు బదులుగా మౌనమే చివరి గడిని ఆక్రమించును. ఎవరైన ముఖ్యమైన మాట చెప్పి బదులుకొరకు మన ముఖము చూచునపుడు, ఆ నడుమ గడచు క్షణము ఎంత దీర్ఘముగా నుండునో మీరెరుగుదురు గదా. ఆ క్షణమే ఇప్పుడు బొమ్మలో నిలిచిపోయినది.

రెండవది పాత్రలలోని మార్పు. మేఘమున్నంతవరకు పిల్లి బుద్ధిమంతురాలు, యజమాని మందుడు. మేఘము పోయినపుడు పిల్లి మూగజీవమై తన స్థానమునకు తాను పోయినది. దాని చూపులో వెక్కిరింత యున్నదని ఇంతవరకు మనమనుకొంటిమి. ఆ గీతలను ఇప్పుడు చూడగా అవి అరమూసిన రెండు కనురెప్పలు మాత్రమే. వెక్కిరింతను ఆ కన్నులలో నింపినది మాట. ఒకే ముఖమునకు పైన ఏ మాట వ్రాసిన ఆ భావమే ముఖములో కనబడును. మాటకు చూపును మార్చు శక్తి ఇంత కలదని చాలమంది గుర్తింపరు.

మూడవది రసములోని మార్పు. హాస్యము కరుణమునకు పొరుగున నున్నది. మెట్టపై కాలుజారి పడినవానిని చూచి నవ్వుదుము; వాడు లేవకున్నచో పరుగెత్తిపోయి లేవదీయుదుము. నవ్వునకును జాలికిని నడుమ నున్న దూరము అంతమాత్రమే. పిల్లి చమత్కారము మనలను ఆ గట్టు దాటనీయక హాస్యముననే నిలిపియుంచెను. ఆ చమత్కారము తొలగగనే మనము గట్టుపై నిలిచితిమి. ఒక ప్రక్క నవ్వు, ఒక ప్రక్క జాలి.

అట్లయినచో నవ్వు చచ్చిపోయినదా? లేదు, దాని జాతి మారినది. నాట్యశాస్త్రము నవ్వును ఆరు విధములుగా చెప్పినది: స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. పలువరుస కనబడక పెదవులపై మాత్రము మెరయు చిరునగవు స్మితము. కన్నీరు కారునట్లు, ప్రక్కలు పట్టుకొని విరగబడి నవ్వునది అతిహసితము. మాటలున్న వరుస మనచే పైకి నవ్వించును. మాట తుడిచిన వరుస చాలభాగము స్మితమునే పుట్టించును. పై నవ్వు వెంటనే వచ్చి వెంటనే పోవును. ఈ నవ్వు ఆలస్యముగా వచ్చును, పుస్తకము మూసిన పిమ్మటను కొంతసేపు నిలుచును.

ఇక్కడ మరియొక విశేషమును చెప్పవలసియున్నది. గార్ఫీల్డ్‌ను ఎన్నడును చూడనివానికి మాట తుడిచిన వరుసను చూపినచో అతడు నవ్వకపోవచ్చును. ఒక విచారగ్రస్తుని బొమ్మ యని మాత్రము అనుకొనును. అసలు వరుసను ఎరిగినవానికే అందు నవ్వు దొరకును. ఏలయన అతనికి ఆ ఖాళీచోట ఒక మాట ఉండవలెనని తెలియును; ఆ మాట రానందున అతడు నవ్వును. ప్రతిదినము బడిగంట వినువారికే గంట మ్రోగని దినము వింతగా తోచును. లేనిదానిని చూచుటకు ఉన్నదానిని ఎరిగియుండవలెను. కావున మాట తొలగించిన హాస్యము తొలి హాస్యమునకు శత్రువు కాదు. దానిపై ఆధారపడి బ్రతుకుచున్నది.

ఇంత చెప్పితినని మాటలు లేనిదే మేలైన బొమ్మ యని మీరు భావింపరాదు. మన దేశమున ఆర్. కె. లక్ష్మణ్ గీసిన వ్యంగ్యచిత్రములను తలచుకొనుడు. 1921లో జన్మించి 2015లో కీర్తిశేషుడైన ఆ మహాచిత్రకారుడు 1951 నుండి టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో సామాన్యుని బొమ్మను పాఠకుల కందించెను. గళ్లకోటు, ధోవతి, కండ్లజోడు, బట్టతల చుట్టును తెల్లని వెండ్రుకలు, ఇదియే సామాన్యుని రూపము. అధికారులును నాయకులును మాటలాడుచుందురు. సామాన్యుడు ప్రక్కన నిలిచి చూచుచుండును. అతడు మాటలాడడు. ఆ బొమ్మ క్రింది పలుకును చేతితో మూసి చూడుడు. బొమ్మలో ఒక కచేరి, ఒక బల్ల, ముగ్గురు మనుష్యులు కనబడుదురు గాని విషయము మాత్రము పొడుపుకథవలె మిగులును. ఇచ్చట పలుకు తాళముచెవి వంటిది. అయితే సామాన్యునికి మాట కలిగించినను ఆ బొమ్మ చెడును. చుట్టునున్నవారి వాగ్దానములు ఎంత బిగ్గరగా నున్నవో, అతని మౌనము అంత లోతుగా నున్నది. ఒకరి మాటయు ఒకరి మౌనమును త్రాసులోని రెండు తట్టలవలె ఆ హాస్యమును నిలుపుచున్నవి.

మొదటినుండియు మాటలు లేకయే పుట్టిన వరుసలు వేరొక జాతివి. జర్మనీ దేశమున 1934 మొదలు 1937 వరకు ఒక బెర్లిన్ వారపత్రికలో ‘తండ్రియు కొడుకును’ అను అర్థమిచ్చు పేరుతో ఒక మాలిక వెలువడినది. గుబురుమీసముల బొద్దు తండ్రి, ముళ్లపందివంటి జుట్టుగల చిన్న కొడుకు. వారి నోట మాటల బుడగలు లేవు. ఒక వరుసలో భోజనము సిద్ధముగా నున్నను కొడుకు రాడు. తండ్రి వెదకుచు పోగా వాడు నేలపై బోర్ల పడుకొని పుస్తకము చదువుచుండును. తరువాత కొడుకు భోజనమునకు వచ్చి కూర్చుండును గాని ఇప్పుడు తండ్రి రాడు! పోయి చూడగా తండ్రి అదే చోట, అదే తీరున నేలపై పడుకొని ఆ పుస్తకములోనే మునిగియుండును. ఈ వరుసకు ఒక్క మాట చేర్చినను భారమగును. చిత్రకారుడు ఆరంభముననే మాటను విడిచెను గనుక మాట చేయవలసిన పనినంతయు గీతచేత చేయించెను. గార్ఫీల్డ్ విషయమున గీత మాటకు తోడుగా మాత్రము ఏర్పడినది. అందుచేతనే మాటను తీయగా అక్కడ ఖాళీ ఏర్పడినది. ‘తండ్రియు కొడుకును’ వరుసలో ఖాళీ యే లేదు.

ఆ చిత్రకారుని అసలు పేరు ఎరిక్ ఓసర్. నాజీలు అధికారమునకు రాకముందు వారిని వెక్కిరించు చిత్రములు గీసినందున, వారి ప్రభుత్వము అతని వృత్తికి అడ్డుపడినది. రాజకీయములతో పొత్తులేని బొమ్మలను మారుపేరుతో గీయుటకు మాత్రము అనుమతి లభించెను. తాను పెరిగిన ప్లావెన్ పట్టణపు పేరును తన పేరులోని తొలి యక్షరములకు చేర్చి ఇ. ఓ. ప్లావెన్ అను మారుపేరు పెట్టుకొనెను. ప్రభుత్వమును పరిహసించుచు మాటలాడెనని ఒకరు కొండెము చెప్పగా 1944లో అతడు బంధింపబడి, న్యాయవిచారణకు ముందే చెరసాలలో ప్రాణములు విడిచెను. మాటలు లేని బొమ్మలచే లక్షలమందిని నవ్వించినవానిని కొన్ని మాటలే బలిగొన్నవి. మాటను తుడుచుటలో రెండు విధములు కలవని దీనివలన తెలిసికొనుడు. కళకొరకు ఇష్టపూర్వకముగా మాటను విడుచుట వేరు. భయపెట్టి నోరు మూయించుట వేరు. మొదటిది నేర్పు, రెండవది దౌర్జన్యము.

చలనచిత్రములలోను మొదటి మార్గమును అనుసరించినవారు కలరు. మన తెలుగువాడైన సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వమున 1987లో వెలువడిన ‘పుష్పక విమానం’ అట్టిది. వీథుల రొదయు వస్తువుల చప్పుడును వినబడును గాని ఏ పాత్రయు సంభాషింపదు. సంభాషణ లేనందున ఏ భాషవారైనను దానిని చూచి నవ్వగలిగిరి. మాటతోపాటు మాటకు గల ఎల్లయు తొలగినది.

ఇతరుడు గీసిన బొమ్మను మనము మార్చవచ్చునా యని ఒక సందేహము కలుగవచ్చును. అది యుక్తమైన సందేహమే. ఒకని పనిని తీసికొని, మార్చి, తనదని చెప్పుకొనుట దొంగతనము. అతడు చెప్పని మాటను అతనిదిగా చూపుట అంతకంటె చెడ్డది. మూలకర్త పేరు స్పష్టముగా చెప్పి, మార్పు ఇదియని తెలిపి, సాధ్యమైనచో మూలమును ప్రక్కనే యుంచి చూపినచో చదువరి మోసపోడు. రెండింటిని పోల్చి తానే విచారించుకొనును. పైని చెప్పిన పుస్తకము ఆ మర్యాదను పాటించినది.

ఇక ఈ విచారణవలన విద్యార్థులకు కలుగు ప్రయోజనమును చెప్పెదను. హాస్యచిత్రములు పత్రికలలోనే గాక మన తరగతి గదులలోను ప్రతిదినము గీయబడుచున్నవి. ఒక బాలుడు పాఠము చదువునపుడు తడబడును. మరియొకడు అన్నగారి పాత చొక్కా వదులుగా తొడిగికొని వచ్చును. ఒక బాలిక తన పల్లె యాసతో మాటలాడును. వెంటనే చురుకైన నాలుకగలవాడొకడు ఒక మాట విసరును, లేదా ఒక పేరు పెట్టును. తరగతి యంతయు ఘొల్లుమనును. ఆ మాట ఆ బాలుని తలపై వ్రేలాడు మేఘము వంటిది. నాటినుండి అతని ముఖము మనకు కనబడదు. మేఘములోని పేరే కనబడును. ఒక భేదము మాత్రము మరువకుడు. పిల్లి తలపు జానుకు వినబడదు. మీ మాట మీ తోటివానికి వినబడును.

చమత్కారము చెడ్డదని నేననను. చమత్కారము తెలియని తరగతి ఎండిన చెరువు వంటిది. కాని యొక మాట నవ్వు పుట్టించినపుడు దానిని ఒక్కసారి మనసులో తుడిచిచూడుడు. ఏమి మిగిలినది? ఒక వింత సంఘటన మిగిలినచో నిస్సందేహముగా నవ్వుడు; ఆ తోటివాడును మీతో కలిసి నవ్వును. బదులుకొరకు మన ముఖములవంక చూచుచున్న ఒంటరివాడు మిగిలినచో అచ్చట కావలసినది చమత్కారము కాదు. అతని ప్రక్కకు పోయి కూర్చుండుడు. అతని మాటకు ఒక బదులు చెప్పుడు. మాట తుడిచిన వరుసలో మూడవ గడి ఖాళీగా నున్నదే, దానిని నింపగలవారు మీరే.

మీకొక చిన్న పని చెప్పెదను. పత్రికలో మీకు నచ్చిన హాస్యచిత్రమాలిక నొకదానిని తీసికొనుడు. మాటలు కనబడకుండునట్లు తెల్లకాగితపు ముక్కలను వానిపై నుంచుడు. అటుపిమ్మట ఈ ప్రశ్నలకు ఉత్తరములు వ్రాయుడు. ఇప్పుడు బొమ్మలో మీ కన్ను మొదట ఎవరిపై పడినది? ఆ వ్యక్తి ఏమి కోరుచున్నాడు? చివరి గడిలో నవ్వు మిగిలినదా, మరి యే భావమైన కలిగినదా? పిమ్మట కాగితములు తీసి అసలు మాటలు చదువుడు. ఆ మాట బొమ్మకు ఏమి చేర్చినదో, దేనిని కప్పివేసినదో రెండును మీకు తెలియును. బొమ్మలు గీయువారు దీనివలన గీత నేర్తురు. కథలు వ్రాయువారు ఎచ్చట మాటను ఆపవలెనో నేర్తురు. గీయనివారును వ్రాయనివారును మనుష్యుల ముఖములు చదువ నేర్తురు.

అక్షరములు చదువుటకు మనకు బడి యున్నది, ఉపాధ్యాయు లున్నారు, పరీక్ష లున్నవి. ముఖములు చదువుటకు పరీక్ష లేదు. అయినను జీవితమున అడుగడుగునను అవసరమగు చదువు అది. హాస్యచిత్రములోని మాటను ఒక్క నిమిషము మూసిపెట్టి బొమ్మను చూచుట ఆ చదువునకు ఓనమాలు దిద్దుట వంటిది. ఆపై నవ్వు వచ్చినచో హాయిగా నవ్వుడు. ఎవరితో కలిసి నవ్వుచున్నారో ఎరిగి నవ్వుడు.